తాత పిస్టల్‌కు కొత్త పిడి చెక్కలు

ప్రశ్న: మా తాత ఏటూరునాగారం వైపు తునికాకు కాంట్రాక్టు చేసేవాడు. కల్లాల్లో కూలీలకు పంచే డబ్బు పట్టుకొని అడవి దారిలో తిరగాల్సి వచ్చేది కాబట్టి, లైసెన్సు తీసుకొని .32 కోల్ట్ పిస్టల్ ఒకటి కొనుక్కున్నాడట. తాత పోయాక లైసెన్సు మా బాపు పేరు మీదికి వచ్చింది. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప భాగం) మీద 1897 అని ఉంది. పిడికి రెండు వైపులా నల్లటి బిళ్లలు ఉండేవి, వాటిలో ఒకటి స్క్రూ దగ్గర పగిలిపోయింది. ఢిల్లీలో ఉండే మా అన్న పాత నమూనా చూసి వాల్‌నట్ చెక్కతో కొత్త జత చేయించి పంపాడు. అవి సరిగ్గా కూర్చోవడం లేదు. స్క్రూ రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు ఉంది. వెనక అంచు లేచి ఉంటోంది. గట్టిగా బిగిస్తే పగులుతుందేమోనని టెన్షన్. మా వీధి వడ్లాయన (వడ్రంగి) "రెండు రోజులు పిస్టల్ నా దగ్గర పెట్టండి, ఇనుము కొంచెం రాకితే సరిపోతుంది" అంటున్నాడు. బాపుకు డెబ్బై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. పని నేనే చేయాలి. ఏం చేయమంటారు? పాత బిళ్లలు పారేయొచ్చా?
ఒక టీచర్, పరకాల

సమాధానం:

బిడ్డా, ముందు వడ్లాయన మాట తేల్చుకుందాం. ఆయన సాయం చేద్దామనే అని ఉంటాడు. కానీ పిస్టల్ ఆయన షెడ్డుకు పోకూడదు. రెండు రోజులు కాదు, ఒక్క పూట కూడా వద్దు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే ఆయుధం వాళ్ల దగ్గరే ఉండాలి. రిపేరుకు ఇంకొకరు పట్టుకుపోవాలన్నా లైసెన్సుదారు పక్కన ఉండాలి, లేదా ఆయన రాసిచ్చిన కాగితం చేతిలో ఉండాలి. రిపేరు చేసే మనిషికి కూడా ఆ పని కోసం విడిగా లైసెన్సు ఉండాలి. తలుపులు, మంచాలు చేసే ఆయన దగ్గర అది ఉండదు. రేపు ఏదైనా జరిగితే ఆయనా ఇరుక్కుంటాడు, మీ బాపూ ఇరుక్కుంటాడు. ఆయన చేతి పనితనం కావాలంటే చెక్కలు మాత్రమే పట్టుకుపో. పాత బిళ్లనూ కొత్త చెక్కనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పని తెలిసిన మనిషికి అదే చాలు.

నువ్వు చేసేటప్పుడు కూడా మీ బాపు ఎదురుగా కూర్చొని ఉండాలి. డెబ్బై దాటాయన్నావు కాబట్టి ఇంకో మాట. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర ఇరవై ఐదేళ్లుగా ఉన్నా, ఆయన బతికుండగానే వారసులు తమ పేరు మీద లైసెన్సు అడగవచ్చు. మీది వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధి. అక్కడికి పోయి ఆ కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టుకో.

ఇక ఇనుము రాకే సంగతి. నేను వడ్ల ఇంట పుట్టి, ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, పనిచేసినవాణ్ని. రెండు పనులూ తెలిసి చెబుతున్నాను. చెక్క సరిపోకపోతే దిద్దాల్సింది చెక్కనే. వందేళ్ల కింద తయారైన ఇనుము మీద ఒక్క ఆకురాయి గీత పడినా దాన్ని మళ్లీ వెనక్కి తేలేం. దాని మీది నీలి పూత పోతుంది, ఆ చోట తుప్పు పడుతుంది. పిడి ఇనుము రాకితే వెనకున్న సేఫ్టీ మీట కదలిక కూడా దెబ్బతినొచ్చు. చెక్క పాడైతే ఇంకో చెక్క చేయించుకుంటావు.

స్లైడ్ మీద 1897 ఉందన్నావు. ఆ పక్కనే 1903 అని కూడా ఉండొచ్చు, భూతద్దం పెట్టి చూడు. అవి పేటెంట్ తేదీలు, పిస్టల్ తయారైన ఏడాది కాదు. ఆ అంకెలు చూసి "మాది నూట పాతికేళ్లది" అని చెప్పుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ నమూనాను కోల్ట్ కంపెనీ అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1903 నుంచి 1945 దాకా తయారు చేసింది. మొదటి ఇరవై ఏళ్లు పిడికి నల్లటి ఎబొనైట్ బిళ్లలు వేశారు. 1920ల మధ్య నుంచి గళ్లు చెక్కిన వాల్‌నట్ చెక్కలు వచ్చాయి. మీ దగ్గరున్నవి నల్ల బిళ్లలు కాబట్టి మీ పిస్టల్ ఆ ముందు కాలానిది అయి ఉండాలి. అంటే మీ అన్న పంపిన చెక్కలు ఈ నమూనాకు పరాయివి కావు, కానీ మీ పిస్టల్‌తో పాటు పుట్టినవీ కావు. చూసినవాళ్లు అడిగితే అలాగే చెప్పాలి.

ఎబొనైట్ అంటే కొత్తదేమీ కాదు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రి రత్నం పెన్నులు చేసేది దాంతోనే. మీ తాత జేబులో అలాంటి నల్ల పెన్ను ఉండే ఉంటుంది. ఎండ తగిలితే, వేడి నీళ్లు తగిలితే ఎబొనైట్ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. అలాంటి బిళ్ల కింద ఎక్కడైనా కొంచెం ఎత్తుపల్లం ఉండి, పైనుంచి స్క్రూ గట్టిగా బిగిస్తే సరిగ్గా స్క్రూ దగ్గరే విరుగుతుంది. మీది పగిలింది అలాగే. ఇప్పుడు కొత్త చెక్క వెనక అంచు లేచి ఉందంటున్నావు చూడు, దాన్ని అలాగే బిగిస్తే దీనికీ అదే గతి. నీ భయం నిజమైనదే.

పని మొదలుపెట్టే ముందు పిస్టల్ ఖాళీ చేయాలి. ఇది నేను ప్రతిసారీ చెబుతాను, ఎన్నిసార్లయినా చెబుతాను. ముందు మ్యాగజైన్, అంటే పిడిలో ఉండే తూటాల డబ్బా, బయటికి తీయాలి. తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి, గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోకి వెలుతురులో కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఈ నమూనాలో పాతవాటికి మ్యాగజైన్ లేకపోయినా గదిలో తూటా ఉంటే పేలుతుంది. ఇంకొకటి, దీన్ని హ్యామర్‌లెస్ అని పిలుస్తారు కానీ హ్యామర్ (తూటా పేలేలా కొట్టే సుత్తి లాంటి భాగం) లేకుండా ఏమీ లేదు, స్లైడ్ కింద కనపడకుండా దాగి ఉంది. కాబట్టి అది ఎక్కి ఉందా దిగి ఉందా అన్నది బయటి నుంచి చూస్తే తెలియదు. బాపు చూడాలి, తర్వాత నువ్వు చూడాలి. తూటాలు వేరే గదిలో తాళం వేసి పెట్టాలి. నడుమ చాయ్ తాగడానికి లేచినా, తిరిగి వచ్చాక మళ్లీ మొదటి నుంచి చూడాలి.

స్క్రూలు పాతవి. వాటి గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడు. సన్నది వాడితే గాడి అంచులు లేస్తాయి, స్క్రూ తల అసహ్యంగా తయారవుతుంది, జారితే పక్కనున్న ఇనుము మీద గీత పడుతుంది. కదలకపోతే ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్. తీసిన స్క్రూలు మూత ఉన్న డబ్బాలో వేసుకో. పోగొట్టుకుంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే స్క్రూ దీనికి పనికిరాదు. అమెరికా మరలు అంగుళాల లెక్కవి, మన షాపుల్లో ఉండేవి మిల్లీమీటర్ల లెక్కవి. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, ఎక్కింది కదా అని బలవంతం చేస్తే పిడి ఇనుములోని మరే అరిగిపోతుంది.

కొత్త చెక్కలు వచ్చిన రోజే బిగించాలని తొందరపడకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన రివాల్వర్‌కు టేకు చెక్కలు చేశాను. మే నెల చివరి వారం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అలాంటి ఎండలు. చెక్క ఎండి ముడుచుకుపోయి ఉన్నప్పుడు వెంట్రుక కూడా దూరనంత బిగువుగా, ఇనుము అంచులకు ఆనించి కూర్చోబెట్టాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడేసరికి చెక్క ఉబ్బింది. ఉబ్బిన చెక్కకు పక్కలకు పోయే చోటు లేదు. స్క్రూ రంధ్రం నుంచి కింది అంచు దాకా నిట్టనిలువునా చీలిపోయింది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చీలిన చెక్క మాత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

చెక్క నారు పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. మన దగ్గర ఎండాకాలానికీ వానాకాలానికీ గాలిలో తేమ తేడా చాలా ఎక్కువ. చెక్కేమో ఢిల్లీ నుంచి వచ్చింది. రెండు మూడు వారాలు మీ ఇంట్లోనే, పిస్టల్ ఉండే గదిలోనే, గాలి తగిలేలా వదిలెయ్. ఎండలో పెట్టకు, బీరువాలో మూసి పెట్టకు. తర్వాత కొలిచి చూస్తే నీ అర మిల్లీమీటరు తేడాలో కొంత దానంతటదే మారి ఉండొచ్చు. అమర్చేటప్పుడు కూడా ఇనుము అంచుకూ చెక్క అంచుకూ నడుమ పలుచటి కాగితం దూరేంత చోటు వదలాలి. ఎండాకాలంలో చేస్తే రెండు కాగితాల మందం.

ఇప్పుడు అసలు పని. చెక్క లోపలి వైపు చదునుగా ఉందో లేదో మొదట చూడు. ఒక అద్దం ముక్క మీద దాన్ని పెట్టి రెండు మూలలు మార్చి మార్చి వేలితో నొక్కు. టక్ టక్ మని ఊగితే వంపు ఉన్నట్టే. అద్దం మీద 220 నంబరు ఉప్పుకాగితం పరిచి, చెక్కను దాని మీద బోర్లా పెట్టి, ఎప్పుడూ ఒకే వైపుకు లాగు. ముందుకూ వెనక్కూ రుద్దితే అంచులు గుండ్రబడతాయి. పదిసార్లు లాగు, చూడు. మళ్లీ పదిసార్లు లాగు, చూడు. పై వైపు గళ్లు చెక్కి ఉంటే ఆ వైపు ఉప్పుకాగితం అసలు తగలనివ్వకు. మందం తగ్గించాల్సి వచ్చినా లోపలి నుంచే తగ్గించాలి.

చదును అయ్యాక కూడా వెనక అంచు లేస్తోందంటే లోపల ఎక్కడో ఇనుము తగులుతోంది. ఎక్కడ తగులుతోందో కంటికి కనపడదు. దానికి మన ఇళ్లల్లోనే మంచి ఉపాయం ఉంది. ఆముదంతో చేసిన కాటుక కొంచెం తీసుకొని, చెక్క కూర్చునే చోట ఇనుము మీద వేలితో పలుచగా, నీడ పడినట్టు పులుము. చెక్కను దాని చోటులో నిటారుగా పెట్టి, బొటనవేళ్లతో ఒక్కసారి నొక్కి, జరపకుండా నిటారుగానే పైకి తియ్. చెక్క లోపల ఎక్కడెక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడక్కడే ఇనుము తగులుతోంది. ఆ మచ్చను మాత్రమే సన్న ఆకురాయితోనో, కొత్త బ్లేడు అంచుతోనో గీకెయ్. మచ్చ పోయేంత వరకే. మళ్లీ కాటుక, మళ్లీ నొక్కు, మళ్లీ గీకు. మొదట రెండు మూడు పెద్ద మచ్చలు పడతాయి. గీకే కొద్దీ అవి చిన్నవై, ఎక్కువై, లోపలంతా చల్లినట్టు పరుచుకుంటాయి. అలా పరుచుకున్న రోజు చెక్క దానంతటదే కూర్చుంటుంది. పదిహేను ఇరవై సార్లు పడుతుంది. ఒకే రోజు చేయనక్కరలేదు. మా నాయన బండి చక్రానికి ఆకులు, అంటే చువ్వలు, దించేటప్పుడు ఇలాగే దీపం మసి పూసి చూసేవాడు. నేను తుపాకుల పనిలోకి వచ్చాక అక్కడా ఇదే పద్ధతి కనిపించింది.

పాత బిళ్ల లోపలి వైపు కూడా జాగ్రత్తగా చూడు. అక్కడక్కడ గుంతలు, గాడులు ఉంటాయి. అవి అందం కోసం పెట్టినవి కావు, లోపలి భాగాలు కదలడానికి వదిలిన చోట్లు. కొత్త చెక్కలో ఆ గుంత లేకపోతే, లేదా లోతు తక్కువగా ఉంటే, అది ముందు చేయాలి. పగిలిన బిళ్ల ముక్కలను చేర్చి కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసుకో, రంధ్రం ఎక్కడుందో, గుంతలు ఎక్కడున్నాయో అందులోనే గుర్తుపెట్టుకో. వడ్లాయన దగ్గరికి పట్టుకుపోవడానికి కూడా ఈ కాగితమే పనికొస్తుంది.

స్క్రూ రంధ్రం చివర్న చూసుకోవాలి, మొదట కాదు. చెక్క సరిగ్గా కూర్చున్నాక రంధ్రం తేడా కూడా మారిపోతుంది. అప్పటికీ అర మిల్లీమీటరు తేడా ఉంటే ఎలుకతోక లాంటి గుండ్రటి సన్న ఆకురాయితో, ఏ వైపు జరగాలో ఆ వైపు మాత్రమే చెక్కను రాకు. డ్రిల్లు పెట్టకు. డ్రిల్లు బిట్టు మెత్తటి వైపుకు జారిపోతుంది, చెక్క చీలిపోతుంది. రాకాక స్క్రూ తల చుట్టూ ఖాళీ కనిపిస్తే ఒక చిన్న ఇత్తడి గిన్నె లాంటి రింగు చేయించి ఆ రంధ్రంలో కూర్చోబెట్టు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పనివాళ్లున్నారు, స్క్రూ తల కొలత రాసిచ్చి అడిగి చూడు. స్క్రూ ఇవ్వకు, కొలత చాలు. తేడా ఒక మిల్లీమీటరు దాటితే రాకడం వద్దు. అదే వాల్‌నట్‌తో చిన్న చీల చేసి, జిగురు పెట్టి, రంధ్రం మూసేసి, ఒక రోజు ఆరనిచ్చి, కొత్త రంధ్రం వేయించాలి. అది వడ్లాయన చేసే పని, చెక్క ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఎం-సీల్ నింపమని ఎవరైనా చెబుతారు. వినకు. అది పిడి ఇనుముకు అంటుకుందంటే రేపు చెక్క తీయాలన్నా పగలగొట్టాల్సిందే. చెక్కకూ ఇనుముకూ నడుమ ఏ జిగురూ ఉండకూడదు. స్క్రూ ఒక్కటే పట్టి ఉంచాలి.

బిగించేటప్పుడు స్క్రూ చేతివేళ్లతో తిరిగినంత తిప్పి, స్క్రూడ్రైవర్‌తో ఆనిందనిపించగానే ఆపు. ఇంకో పావు చుట్టు తిప్పుదామనిపిస్తుంది. తిప్పకు.

తర్వాత చూసుకోవలసినవి చెక్క అందం కంటే ముఖ్యం. పిస్టల్ ఖాళీగా ఉందని మళ్లీ చూసుకొని, ఖాళీ మ్యాగజైన్ పెట్టి తియ్. ముందు ఎలా నున్నగా పోయి వచ్చిందో ఇప్పుడూ అలాగే రావాలి. పట్టినట్టుంటే కొత్త చెక్క పాతదాని కంటే పలుచగా ఉండి, స్క్రూ కొన లోపలికి పొడుచుకొచ్చి మ్యాగజైన్‌కు తగులుతున్నట్టు. అప్పుడు పాత స్క్రూను కోయొద్దు. తల కింద పలుచటి ఇత్తడి వాషర్ వెయ్యి. ఇక పిడి వెనక వైపు అరచేతి కింద లోపలికి నొక్కుకునే మీట ఉంది చూడు, దాన్ని గ్రిప్ సేఫ్టీ అంటారు. చేతిలో సరిగ్గా పట్టుకుంటే తప్ప పేలకుండా ఆపేది అదే. నీ చెక్క వెనక అంచు సరిగ్గా దాని పక్కనే ఉంటుంది. నొక్కి వదిలితే అది చటుక్కున బయటికి రావాలి. మెల్లగా వచ్చినా, లోపలే ఉండిపోయినా చెక్క అంచు దానికి రాసుకుంటోంది, ఆ అంచు తగ్గించాల్సిందే. ఎడమ వైపు బొటనవేలి సేఫ్టీ కూడా కిందికీ పైకీ అడ్డు లేకుండా తిరగాలి. వానలు పడ్డాక ఇవన్నీ మరోసారి చూడు, ఎందుకంటే చెక్క ఉబ్బేది అప్పుడే. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా అనుమానంగా ఉంటే చెక్కలు విప్పేసి, బాపును వెంటబెట్టుకొని లైసెన్సు ఉన్న తుపాకుల రిపేరు ఆయనకు చూపించు.

పాలిష్ విషయం. వడ్లాయన మెలమైన్ కొడతానంటాడు. మంచాలకు బాగుంటుంది, దీనికి వద్దు. అద్దంలా మెరుస్తుంది, గళ్ల నడుమ నిండిపోతుంది, రెండేళ్లకు పెచ్చులు లేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అడుగు, అవిసె నూనెనే, ఉడికించినది. పాత గుడ్డతో పలుచగా రాసి, పావుగంట ఆగి, మిగిలినదంతా తుడిచెయ్. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ. నాలుగైదు సార్లు రాస్తే వాల్‌నట్‌లోని గీతలు పైకి తేలి వస్తాయి. లోపలి వైపు కూడా రెండు సార్లు రాయాలి, దాని సంగతి కింద చెబుతాను. గళ్లలోకి మెత్తటి టూత్ బ్రష్‌తో పట్టించు. కొబ్బరి నూనె మాత్రం రాయకు. అది ఎన్నాళ్లకూ ఆరదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి కంపు కొడుతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండ చేసి మూల పడేయకు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారెయ్.

లోపలి వైపు నూనె ఎందుకంటే, చెక్కలో వగరు ఉంటుంది. కరక్కాయలో ఉండే వగరు లాంటిదే. మన పెద్దవాళ్లు కరక్కాయ కషాయంలో అన్నభేది (ఇనుముతో అయ్యే లవణం) కలిపి నల్ల సిరా చేసుకునేవాళ్లు. వగరూ ఇనుమూ తేమలో కలిస్తే నలుపు. వట్టి చెక్క ఇనుముకు ఆనుకొని ఉండి, నడుమ చెమటో వాన తేమో చేరితే అదే జరుగుతుంది. చెక్క నల్లబడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. రెండూ బయటికి కనపడవు. నూనె రాస్తే నడుమ ఒక పొర ఏర్పడుతుంది.

ఈ జత ఎంత చేసినా సరిపోకపోతే ఇక్కడే చేయించుకోవచ్చు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క గుర్తుకొస్తుందేమో. అది బొమ్మలకు ఎంత బాగుంటుందో దీనికి అంత పనికిరాదు. గోరు గుచ్చితే దిగేంత మెత్తన, స్క్రూ కింద నలిగిపోతుంది. తుమ్మ గట్టిదే కానీ వగరు ఎక్కువ. అన్నిటికంటే మంచిది జిట్రేగి, దాన్నే రోజ్‌వుడ్ అంటారు. కొత్త దుంగ కోసం అడవి వైపు చూడొద్దు. మీ తాత ఇంట్లో పాత పట్టెమంచం కోడో, విరిగిన కుర్చీ చేయో ఉంటే అందులోనే రెండు పిడి చెక్కలు వస్తాయి. యాభై అరవై ఏళ్లు ఆరిన చెక్క, ఇక కదిలేది చాలా తక్కువ. పాత దర్వాజ టేకు కూడా పరవాలేదు. కానీ టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, పనిముట్ల పదును త్వరగా పోతుంది, గళ్లు చెక్కితే అంచులు రాలుతాయి. టేకు అయితే గళ్లు లేకుండా నున్నగా చేయించు. నారు పిడి పొడవునా పోయేలా కోయమని చెప్పు, అడ్డంగా పోతే చిన్న దెబ్బకే విరుగుతుంది.

ఇనుమును మెరిపించాలనుకోకు. పాత బిళ్లల కింద ఎర్రటి తుప్పు కనిపిస్తే నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో, అప్పటికీ పోకపోతే అతి సన్నని స్టీల్ ఊల్‌తో నూనె వేసి వేలి కొనతో నెమ్మదిగా తుడువు. ఉప్పుకాగితం, బ్రాసో ఏవీ వద్దు. సీరియల్ నంబరు ఉన్న చోట అసలు రుద్దకు. ఆ నంబరే లైసెన్సు పుస్తకంలో ఉంటుంది, దాన్ని చెరిపితే నేరం. పిస్టల్‌ను తోలు ఒరలో పెట్టి దాచుకోవడం కూడా మానెయ్. తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది. తాత ఒర విడిగా ఉంచు, పిస్టల్‌ను నూనె చేయి పెట్టిన నూలు గుడ్డలో చుట్టు. ప్రతి ఏడాదీ దసరా ముందు, వానలు తగ్గాక, చెక్కలు విప్పి లోపల ఒకసారి తుడిచి మళ్లీ బిగించు. ఎలాగూ ఆయుధ పూజకు బయటికి తీస్తారు. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే అప్పగించే ముందు రెండు వైపులా ఫోటోలు తీసుకో, రసీదులో పిడి బిళ్లలు చెక్కవని రాయించుకో.

పాత బిళ్లలు పారేయొద్దు, బిడ్డా. పగిలినదీ వద్దు. నువ్వు ఉత్తరం చివర్న ఇంకో వాక్యం కూడా రాశావు, పగలని బిళ్ల మీద తాత బొటనవేలు ఆనే చోట గీతలన్నీ అరిగి నున్నగా అయ్యాయని. అలాంటిది ఇంకెక్కడా దొరకదు. పగిలిన ముక్కలను లోపలి వైపు నుంచి అరాల్డైట్‌తో అతికి, వెనకాల పలుచటి నూలు గుడ్డ ముక్క అంటించు. బిగించడానికి కాదు, చెదిరిపోకుండా ఉండటానికి. రెండింటినీ కాగితంలో చుట్టి, వెలుతురు తగలని చోట దాచు. ఎబొనైట్‌లో గంధకం ఉంటుంది, వెండి వస్తువుల పక్కన పెడితే వెండి నల్లబడుతుంది, కాబట్టి పూజ సామాన్ల బీరువాలో వద్దు. పిస్టల్‌తో కలిపి కూడా మూసి పెట్టకు.

కొత్త చెక్కల లోపలి వైపు, నూనె రాయడానికి ముందే, పెన్సిల్‌తో ఏడాది, పరకాల అని రాసి, పక్కన మీ బాపు చేత సంతకం పెట్టించు. చేతులు వణికినా పరవాలేదు, ఆయననే పెట్టమను. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా విప్పితే ఇవి తర్వాత వేసినవని, ఎవరు వేశారో తెలుస్తుంది. కాటుక పని మొదలుపెట్టాక మచ్చలు ఎక్కడ పడుతున్నాయో అర్థం కాకపోతే చెక్క లోపలి వైపు ఫోటో తీసి పంపు. చెక్క ఫోటో చాలు, పిస్టల్ ఫోటో, నంబరు పంపకు.